కరివేపాకు పురుగుకి కోపమొచ్చింది

మా చెల్లెలి కూతురికి ఆరేళ్లు. తమ్ముడు పుట్టి మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లో దాని మీద ఇంట్లో వచ్చిన ఫిర్యాదులన్నీ కలిపితే ఒక్కటే మాట: "ఇదివరకు ఇలా ఉండేది కాదు." ఉయ్యాల్లో పడుకున్న పసివాణ్ణి గిల్లుతుంది. అన్నం దగ్గర మారాం, బడికి వెళ్లేటప్పుడు పేచీ. "ఎందుకే తమ్ముణ్ణి గిల్లావు?" అని వాళ్లమ్మ అడిగితే గోడవైపు తిరిగి నిలబడుతుంది. గట్టిగా అడిగితే "నేనేం గిల్లలేదు, వాడే ఏడ్చాడు" అంటుంది.

నేను వెళ్లిన మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి కేకేసింది. "పెద్దమ్మా, కాకిరెట్ట నడుస్తోంది!"

వెళ్లి చూస్తే నిజమే, కరివేపాకు రెమ్మ మీద రెట్ట నడుస్తోంది. చిటికెనవేలి గోరంత పొడవు, ముదురు గోధుమరంగు ఒళ్లు, మధ్యలో తెల్లటి మచ్చ. నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు లాంటి మొక్కల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక పిల్ల అది. చిన్నతనంలో పక్షిరెట్టలా కనబడితే పక్షులు పట్టించుకోవు, అందుకని ఆ వేషం. కాస్త ఎదిగాక ఆకుపచ్చగా మారిపోతుంది. ఇదంతా నేను చెప్పేలోపే పిల్ల చీపురుపుల్లతో దాని తల మీద పొడిచింది. అంతే, తల వెనక నుంచి పాము నాలుకలా చీలిన రెండు నారింజరంగు కొమ్ములు బయటికొచ్చాయి. వెంటనే ముక్కు మూసుకోవాల్సినంత వాసన.

"దానికి కోపమొచ్చింది" అంది.

"అంతేనంటావా?"

వంగి కాసేపు చూసింది. "కాదు. భయమేసింది. భయమేస్తే కోపంగా కనబడుతోంది."

తర్వాత పావుగంటసేపు నాకో కథ చెప్పింది. ఆ పురుగుకి ఒక ఆకు ఉండేదట. మెత్తటి లేతాకు, వాళ్లమ్మ పక్కనే. ఒకరోజు నిద్ర లేచేసరికి ఆ ఆకు మీద ఇంకో చిన్న పురుగు పడుకుని ఉందట. "నువ్వు పెద్దదానివి కదా, ముదురాకు తిను" అన్నారట. ముదురాకు చేదుగా ఉందట. అందుకే కొమ్ములు మొలిచాయట. "మరి ఆ కొమ్ములు లోపలికి ఎప్పుడు వెళ్తాయి?" అని మాత్రం అడిగాను. "ఎవరైనా వచ్చి ఊరికే పక్కన కూర్చుంటే వెళ్తాయి. పొడవకూడదు" అంది.

ఆ కథలో తమ్ముడి మాట రాలేదు. నేనూ తేలేదు. తెచ్చి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. పిల్లలతో ప్రకృతి కథలు చెప్పించడం గురించి నాకు తెలిసినదంతా దాదాపు ఆ పావుగంటలోనే ఉంది. మిగతాది దానికి వివరణ.

పెద్దవాళ్లం అడిగే "ఎందుకు" పిల్లల చెవికి ప్రశ్నలా వినబడదు, నేరం మోపినట్టు వినబడుతుంది. పోనీ ధైర్యం చేసి జవాబు చెబుదామన్నా, ఆ జవాబు చిన్నది కాదు. తమ్ముడంటే ముద్దు. తమ్ముడంటే మంట. ఒకే మనిషి మీద ఒకే సమయంలో రెండు విరుద్ధమైన భావాలు ఉండొచ్చన్న సంగతి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలకు పట్టుబడదని పిల్లల మనస్తత్వాన్ని చదివినవాళ్లు చెబుతారు. భావం ఉంటుంది, దాన్ని పట్టుకునే పిడి ఉండదు. పురుగుకి కొమ్ములు మొలిపించగానే పిడి దొరికింది. భయమూ కోపమూ ఒకే కొమ్ములోంచి రావచ్చని ఆరేళ్ల పిల్ల తనంతట తనే చెప్పేసింది. అదే మాట "నీకు తమ్ముడంటే భయమా, కోపమా?" అని అడిగి రాబట్టగలమా?

పైగా పిల్లలకు ఇది పరాయి భాష కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే 1920ల్లోనే చిన్నపిల్లలతో గంటల తరబడి మాట్లాడి ఒక సంగతి నమోదు చేశాడు. కదిలే ప్రతిదానికీ ప్రాణం ఉందనీ, దానికీ ఒక ఉద్దేశం ఉందనీ వాళ్లు అనుకుంటారు. సూర్యుడూ చంద్రుడూ తమ వెంటే నడుస్తున్నారని నమ్ముతారు. ఈ సంగతి మన అమ్మమ్మలకు పియాజే చెప్పనక్కర్లేదు. చంద్రుణ్ణి మేనమామను చేసిన భాష మనది. నక్కను బావ అన్నాం, కాకికి అమ్మ తగిలించాం. విచిత్రమేమిటంటే అబద్ధం చెప్పేవాణ్ణి "కాకమ్మ కథలు చెప్పకు" అని కసిరేదీ మనమే. పిల్లలు నిజం చెప్పేది ఎక్కువగా కాకమ్మ కథల్లోనే.

భావానికి పేరు పెడితే దాని ఉధృతి తగ్గుతుందనడానికి ప్రయోగశాల సాక్ష్యం కూడా కొంత ఉంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. కోపంతోనో భయంతోనో ఉన్న మొహాల ఫొటోలు చూపించి, ఆ భావానికి తగిన మాటను ఎంచుకోమన్నారు. అలా మాట ఎంచుకున్నప్పుడు మెదడులో ప్రమాద ఘంటికలా పనిచేసే అమిగ్డలా అనే భాగం తక్కువగా స్పందించింది. అందులో పాల్గొన్నది పెద్దవాళ్లు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు ఆరేళ్ల పిల్లకు అంటగట్టకూడదు. కానీ ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుని "భయమేసిందా నాన్నా?" అని అడిగిన ప్రతి తల్లికీ ఈ సంగతి అనుభవంలో ఉన్నదే.

మన ఇళ్లలో అన్నిటికంటే ముందు వినిపించే కథ ఏడు చేపల కథ. దాన్ని జ్ఞాపకశక్తి కోసం చెప్పే గొలుసుకథ అనుకుంటాం. ఇంకోసారి చూడండి. ఎండని చేపతో మొదలై గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అన్నం పెట్టని అవ్వ, ఏడ్చిన పాప, కుట్టిన చీమ దాకా అడుగుతూ పోతాం. ఒక్కొక్కరూ తప్పును పక్కవాళ్ల మీదికి తోస్తారు. తీరా అసలు కారణం దగ్గరికి వెళ్తే అక్కడ ఒక చిన్న ప్రాణి తన ఇంట్లో ఎవరో వేలు పెట్టారని మండిపడుతోంది. ఒక ఏడుపు వెనక ఎంత దూరంలో ఎవరి బాధ ఉందో ఇంత తేలిగ్గా చెప్పిన కథ నేను ఇంకోటి చదవలేదు. ఈ కథ చెప్పాక చీమ వైపు నుంచి ఇంకోసారి చెప్పమని పిల్లల్ని అడిగి చూడండి. పుట్టలో పొద్దున్నించీ ఏం జరుగుతోంది? పైకప్పులోంచి ఒక వేలు దిగితే లోపలున్నవాళ్లకు ఏమనిపించింది? మూడో తరగతి పిల్లలతో ఒకసారి ఈ ఆట ఆడితే కుట్టిన చీమకు రాత్రి నిద్ర పట్టలేదని ఒకమ్మాయి చెప్పింది. "కుట్టాక పాప ఏడుపు వినబడింది కదా" అంది.

కాకి, పిచ్చుక కథ కూడా అంతే. ఊరికో రకంగా చెబుతారు గానీ అసలు సంగతి ఒకటే: వానకు కాకి ఇల్లు కొట్టుకుపోయింది, పిచ్చుక ఇల్లు నిలిచింది, కాకి వచ్చి తలుపు తట్టింది. ముందుచూపు లేకపోతే ఇంతే అని మనం కథను మూసేస్తాం. తడిసి ముద్దై తలుపు బయట నిలబడ్డ కాకికి ఎలా ఉంది, తలుపు లోపల తన పిల్లల్ని చూసుకుంటున్న పిచ్చుకకి ఎలా ఉంది అని ఆగి అడిగేవాళ్లు తక్కువ.

మనకు నీతి తొందర ఎక్కువ. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చువేసినప్పటి నుంచీ పాఠ్యపుస్తకాల్లో జంతువు కనిపించిందంటే వెనకాలే నీతి వస్తుంది. ఆ కథలకు మూలమైన పంచతంత్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది రాజకుమారులకు లోకవ్యవహారం నేర్పడానికి పుట్టింది, ఆ పని బాగానే చేస్తుంది. కానీ మనసు విప్పించడానికి దాన్నే వాడితే ఫలితం రాదు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇచ్చిపుచ్చుకోవడం గురించి ఒకే కథను రెండు రకాల పుస్తకాల్లో వినిపించారు. ఒకదాంట్లో బట్టలు తొడుక్కుని మాట్లాడే జంతువులు, ఇంకోదాంట్లో మనుషులు. తర్వాత పిల్లల చేతికి స్టిక్కర్లిచ్చి, స్టిక్కర్లు దొరకని ఇంకో పిల్లాడికి ఎన్ని ఇస్తారో చూశారు. మనుషుల కథ విన్న పిల్లలు ఎక్కువ ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్లలో ఉదారత పెరగలేదు.

దీన్ని చూసి జంతువుల కథలు దండగ అనుకునేవాళ్లున్నారు. నాకు వేరేగా తోస్తుంది. అది నక్క, నేను కాదు అన్న దూరం రెండు పనులు చేస్తుంది. నీతిని దగ్గరికి రానివ్వదు, సిగ్గును కూడా దగ్గరికి రానివ్వదు. బుద్ధి చెప్పాలంటే ఆ దూరం అడ్డం. మనసు చూసుకోవాలంటే ఆ దూరమే కావాలి. కాబట్టి కథ అయిపోగానే "దీనివల్ల మనం ఏం తెలుసుకున్నాం?" అన్నారంటే పురుగు కొమ్ములు లోపలికి పోవు, ఇంకాస్త బయటికొస్తాయి.

ఇప్పుడు బడుల్లో గోడకు పసుపుపచ్చ గుండ్రటి మొహాలు అంటిస్తున్నారు. సంతోషం, విచారం, కోపం, భయం. ఈ రోజు నీ మొహం ఏది అని పిల్లల చేత వేలు పెట్టిస్తారు. ఏమీ లేనిదానికంటే నయమే. కానీ తెలుగు పిల్లలకు నాలుగు మొహాలు ఏం సరిపోతాయి? అలకను ఎక్కడ పెడతారు? కోపం ఎవరి మీదైనా రావచ్చు, అలక మాత్రం అయినవాళ్ల మీదే. అలిగినవాళ్లు తలుపు గడియ పెట్టుకోరు, ఓరగా వేసి ఉంచుతారు, ఎవరైనా వచ్చి బతిమాలాలి కదా. ఒక పారిజాతం పువ్వు రుక్మిణికి దక్కిందని సత్యభామ అలిగితే ముక్కు తిమ్మన దాని మీద ఒక కావ్యమే రాశాడు. ఓడిపోయి ఏమీ చేయలేక వచ్చే కోపం ఉక్రోషం. దూరమైన మనిషి కోసం ఒంట్లో జ్వరంలా దిగేది బెంగ. కారణం అడిగితే చెప్పలేనిది దిగులు. కొత్తవాళ్ల ముందు నాలుక వెనక్కి లాగేది బిడియం. నలుగురిలో మాట పడితే వచ్చేది చిన్నతనం. ఇవి ఒకదానికొకటి మారుపేర్లు కావు. అలిగిన పిల్లను కోపంగా ఉన్న పిల్లగా చూసి "కాసేపు ఒంటరిగా వదిలేద్దాం" అనుకుంటే, ఆ పిల్ల ఓరగా వేసిన తలుపు వెనక ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. మన మాటల్లో మనసుకు, చెట్టూచేమకు ఎప్పుడో బంధుత్వం కలిసిపోయింది. మొహం వాడిపోతుంది, విప్పారుతుంది. గుండె చెరువవుతుంది. గొంతులో వెలక్కాయ పడుతుంది. కడుపు రగులుతుంది. వీటిని జాతీయాల పట్టికలో బట్టీ పట్టిస్తాం గానీ ఒక్కొక్కటీ ఒక కథకు విత్తనం. "ఒకమ్మాయి గుండె చెరువైంది. ఆ చెరువులో ఏమేం ఉన్నాయి?" అని మొదలుపెట్టండి. చేపలు, తామరలు, మునిగిపోయిన చెప్పు, ఎవరో పారేసిన ఉత్తరం, ఏవేవో తేలతాయి.

ఒక పల్లెటూరి బడిలో లైబ్రరీ పిరియడ్ నడిపే రోజుల్లో జరిగింది. జూలై నెల, మూడు రోజులుగా మబ్బు పడుతోంది, కురవకుండా వెళ్లిపోతోంది. ఆ మబ్బుకి ఏమైందో చెప్పండి అన్నాను. అలిగిందన్నారు కొందరు, ఎవరూ రమ్మని పిలవలేదట. పక్క ఊరి మీద ప్రేమెక్కువ అన్నారు ఇంకొందరు. చివరి వరసలో ఒక పిల్లాడు మాత్రం "దాని దగ్గర నీళ్లు లేవు టీచర్. ఉన్నట్టు నటించింది. అందరూ పైకి చూస్తుంటే సిగ్గేసి వెళ్లిపోయింది" అన్నాడు. వాడి ఇంటి సంగతి నాకు కొంత తెలుసు. ఏమీ అనలేదు. "మబ్బు వెళ్లిపోతుంటే ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని అడిగాను. "ఒక తాత మాత్రం పర్లేదులే, రేపు రా అన్నాడు" అని కూర్చున్నాడు.

అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఉన్నా చెప్పకూడదు.

మరి ఎలా మొదలుపెట్టాలి? ముందు చూడాలి. కథ తర్వాత. చేతిలో పుస్తకం, ఫోను లేకుండా ఒక చెట్టు దగ్గరో గోడ పగులు దగ్గరో ఐదు నిమిషాలు కూర్చోవడం. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉన్నవాళ్లకు కూడా బల్లి, చీమ, పావురం, కుండీలో తులసి ఉంటాయి. షికాగోలోనో డల్లాస్‌లోనో ఉన్న మనవడికి వీడియో కాల్‌లో కిటికీ బయటి ఆకురాలిన చెట్టును చూపించమనొచ్చు. చూసింది ఏమిటో నిజంగా తెలుసుకోవడం రెండో మెట్టు. ఇక్కడ నేను కాస్త పట్టుదల మనిషిని. ప్రకృతి కథ అంటూ నవ్వే సూర్యుణ్ణి, ఏడ్చే పువ్వును గీసి వదిలేస్తే అది ప్రకృతీ కాదు, కథా కాదు. నిజం ఎంత గట్టిగా ఉంటే ఊహ అంత ఎత్తుకు లేస్తుంది.

గిజిగాడినే తీసుకోండి. ఈత చెట్టుకో తుమ్మ కొమ్మకో, చాలాసార్లు నీళ్ల మీదికి వేలాడేలా గూడు అల్లేది మగపక్షి. గడ్డిపోచలు, ఆకుల చీలికలు తెచ్చి తెచ్చి సగం అల్లుతుంది. ఆ దశలో గూడు బోర్లించిన టోపీలా ఉంటుంది. అప్పుడు ఆడపక్షి వచ్చి వాలి, లాగి, పరీక్షించి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. సగంలో వదిలేసిన టోపీలు చెట్టుకు అలాగే వేలాడుతుంటాయి, మగపక్షి పక్కనే ఇంకోటి మొదలుపెడుతుంది. ఇంతవరకూ నిజం. "ఎగిరిపోయాక గిజిగాడు ఆ రోజంతా ఏం చేశాడు?" అన్న దగ్గర మీ పని అయిపోతుంది, పిల్లల పని మొదలవుతుంది. పోటీలో బొమ్మ ఎంపిక కాని పిల్ల, కబడ్డీ జట్టులోకి ఎవరూ పిలవని పిల్లాడు ఈ కథను వదిలిపెట్టరు. (గూడు పూర్తయ్యాక ఆ మగపక్షి ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని పిలుస్తుంది. ఆ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.)

బిడియస్థులకు అత్తిపత్తి. ముట్టుకోగానే ముడుచుకుపోతుంది, కాసేపటికి విచ్చుకుంటుంది. ఇది అందరికీ తెలుసు. మోనికా గాలియానో అనే శాస్త్రవేత్త బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం అంతమందికి తెలియదు. అత్తిపత్తి కుండీలను కొద్ది ఎత్తు నుంచి, దెబ్బ తగలకుండా, పదే పదే కిందికి జారవిడిచారు. మొదట్లో ముడుచుకున్న ఆకులు ప్రమాదం లేదని తేలాక ముడుచుకోవడం మానేశాయి. వారాలు గడిచాక మళ్లీ పరీక్షించినా ఆ సంగతి మరిచిపోలేదు. కొత్త బడిలో చేరిన పిల్లకు "భయపడకు, ఏం కాదు" అని వందసార్లు చెప్పడం కంటే ఒక అత్తిపత్తి మొక్క కొత్త ఊరికి వెళ్లిన కథ మొదలుపెట్టి మధ్యలో ఆపడం మేలు. ఎన్నో రోజున అది ఆకులు విప్పాలో ఆ పిల్లనే చెప్పనివ్వండి.

కథ చెప్పేటప్పుడు పిల్లల మాటను దిద్దకుండా రాయాలి. ఈ విద్యలో నాకు గురువు వివియన్ గస్సిన్ పేలీ. షికాగో విశ్వవిద్యాలయానికి అనుబంధమైన బడిలో చిన్నపిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన టీచరు, 2019లో చనిపోయారు. ఆవిడ పద్ధతి వినడానికి సులువు. పిల్ల కథ చెబుతుంది, టీచరు ఉన్నదున్నట్టు రాస్తుంది, ఆ కథను తరగతి మొత్తం కలిసి ఆడుతుంది. కథ మూడు వాక్యాలే కావచ్చు. తలాతోకా లేకపోవచ్చు. అయినా అది రాతకెక్కుతుంది, నలుగురూ దానికి వేషం కడతారు. తన మనసులోని తుపానును తోటిపిల్లలు చేతులూపుతూ ఆడుతుంటే చూడటం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. మాట్లాడని పిల్లలకు రాయి, చెట్టు, రాత్రి లాంటి వేషాలు ఉంటాయి. రాయిగా కూర్చున్నవాడు కూడా కథలో ఉన్నట్టే. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అంతకు ముందే కథతో బడి నడిపాడు. ఆయన 'పగటికల'లో కొత్త మాస్టారు మొదటి రోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టబోయి ఘోరంగా ఓడిపోతాడు, కథ మొదలుపెట్టాక గానీ గది కుదుటపడదు. మన దగ్గర అనంతపురం వైపు టింబక్టు ప్రకృతి బడి నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పత్రికలో పిల్లలే కథలు రాశారు, బొమ్మలు వేశారు. తిరగేస్తే పెద్దవాళ్లు రాసే బాలసాహిత్యానికీ దానికీ తేడా రెండు పేజీల్లో తెలిసిపోతుంది.

అడగాల్సిన ప్రశ్నలు రెండు మూడే. "అప్పుడు?" అన్నది అన్నిటికంటే మంచి ప్రశ్న. "దానికి ఒంట్లో ఎక్కడ తెలిసింది?" అన్నది తర్వాతది. గుండె దడదడలాడిందా, కడుపులో తిప్పిందా, చెవులు వేడెక్కాయా అని పిల్లలు ఏ ఉడుతకో అంటగట్టి చెప్పేస్తారు. "ఎవరికైనా చెప్పిందా?" అన్నది మూడోది. అడగకూడని ప్రశ్న ఒకటే: "ఇది నీ కథే కదూ?"

స్విట్జర్లాండ్‌కు చెందిన లూయిజా డ్యూస్ అనే మనస్తత్వవేత్త 1940ల నాటికే ముగింపు లేని చిన్న చిన్న కథలతో పిల్లల్ని పరీక్షించే పద్ధతి ఒకటి తయారుచేసింది. వాటిలో ఒకటి పక్షి గూడు కథ. గాలికి గూడు పడిపోతుంది, తల్లి ఒక చెట్టు మీదికి, తండ్రి ఇంకో చెట్టు మీదికి ఎగిరిపోతారు, అప్పుడప్పుడే ఎగరడం నేర్చిన పిల్ల ఏం చేస్తుందో చెప్పాలి. శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో అది పరికరం. మన చేతిలో అయితే ప్రమాదం. పిల్ల తండ్రి చెట్టు మీదికి వెళ్లిందంటే తల్లి గుండె పగలడం, మర్నాటి నుంచి ఇంట్లో దర్యాప్తు మొదలవడం తప్పదు. తోడేలు వచ్చిన ప్రతి కథలోనూ తండ్రిని వెతకొద్దు. కొన్నిసార్లు తోడేలు ఉత్త తోడేలే.

కథ ఎంచుకోవడంలో పెద్దవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉండాలి. పక్షులకూ, పొట్ట చేతపట్టుకుని వెళ్లే మనుషులకూ మనం వాడే మాట ఒక్కటే: వలస. పాలమూరు నుంచి ముంబయికి, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు, కోనసీమ, కడపల నుంచి కువైట్‌కు వెళ్లిన తల్లులు, తండ్రులు ఎందరో. వాళ్ల పిల్లలు అమ్మమ్మల దగ్గర, హాస్టళ్లలో ఉంటారు. ఆ పిల్లలకు బెంగ అన్న మాట నేర్పనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చింతచెట్ల మీద ఏటా గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వాళ్లకు బాగా అర్థమయ్యే కథ. వెళ్లడమూ తిరిగి రావడమూ రెండూ అందులో ఉన్నాయి, వచ్చినవాటి జోలికి ఎవరినీ పోనివ్వని ఊరు కూడా ఉంది. అదే మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు కథ వేరు. తల్లి ఇసుకలో వంద దాకా గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతుంది, నెలన్నర, రెండు నెలల తర్వాత పిల్లలు ఒంటరిగా అలల్లోకి పాకుతాయి. అద్భుతమైన నిజం. కానీ తల్లి కువైట్‌లో ఉన్న పిల్లకు దాన్ని మనంతట మనం వడ్డించకూడదు. ఆ పిల్లే ఎక్కడో చూసి తెచ్చిందనుకోండి, అప్పుడు తప్పించుకోకూడదు. "తాబేలు పిల్లలకు అమ్మ మొహం తెలుసా?" అని నన్నొకమ్మాయి అడిగింది. తెలియదనే చెప్పాను. "అయినా సముద్రం ఎటుందో వాటికి తెలుసు కదా" అని తనే అంది.

ఇవన్నీ రోజూ కాస్త కాస్తగా పనిచేసే సంగతులు. చికిత్స కావు. వారాల తరబడి నిద్ర, తిండి చెడినా, పిల్ల ఉన్నట్టుండి మాట మానేసినా, ప్రతి కథలోనూ ఎవరో ఒకరు తనను గాయపరుస్తున్నట్టు చెబుతున్నా, చనిపోవడం గురించి మాట్లాడినా కథ పక్కన పెట్టి పిల్లల వైద్యుణ్ణో మానసిక నిపుణుణ్ణో కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరైనా పిల్లల్ని హింసిస్తున్నారని అనుమానం వస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

మా కరివేపాకు పురుగు సంగతి చెప్పలేదు. పన్నెండు రోజుల్లో ఆకుపచ్చగా మారి, బొద్దుగా ఎదిగి, కాడకు నడుం చుట్టూ పట్టుదారం కట్టుకుని ప్యూపా అయింది. పిల్ల రోజూ బడి నుంచి రాగానే ఎదురుగా కూర్చునేది. సీతాకోకచిలుక వస్తుందని అందరం చెప్పాం. రాలేదు. ప్యూపా గోధుమరంగుకు తిరిగింది. ఒకరోజు దానికి సూదిమొన అంత రంధ్రం కనిపించింది, అందులోంచి చీమ తలంత కందిరీగలు వరసగా బయటికొచ్చాయి. ప్యూపాల్లో గుడ్లు పెట్టే పరాన్న కందిరీగలు అవి, తోటల్లో మామూలే. మా చెల్లెలు "సీతాకోకచిలుక రాత్రే ఎగిరిపోయిందని చెప్పేద్దాం అక్కా" అంది. వద్దన్నాను. బతుకమ్మను ఏరోజుకారోజు పేర్చి చెరువులో వదిలే పిల్లలున్న నేలలో, పోయినదాన్ని పోయిందని చెప్పలేమా?

పిల్ల చాలాసేపు ఏడ్చింది. ఆ రాత్రి కథ చెప్పమన్నా చెప్పలేదు. ప్రతి బాధకూ వెంటనే కథ మొలవదు, మొలవాలని మనం మీద కూర్చోకూడదు. నాలుగో రోజున కందిరీగలకు పేర్లు పెట్టింది. తమ్ముణ్ణి గిల్లడం పూర్తిగా మానిందా అంటే లేదు. అప్పుడప్పుడూ గిల్లుతూనే ఉంది. అయితే కోపమొచ్చినప్పుడు రెండు చూపుడువేళ్లు తల మీద కొమ్ముల్లా పెట్టుకుని నిలబడుతోంది, వాళ్లమ్మ పని ఆపి వచ్చి పక్కన కూర్చుంటోంది.

చెట్టు మీద ఇప్పుడు ఇంకో ఐదు రెట్టలు నడుస్తున్నాయి. మందు కొట్టడానికి వీల్లేదని పిల్ల తీర్మానం. నెల్లాళ్లుగా కరివేపాకు బజార్లోనే కొంటున్నాం.